బాధను కొలిచేదెలా?

విద్యార్థులారా! మా కమాన్‌పూర్ చుట్టుపక్కల గనుల్లో తీసిన బొగ్గును టన్నుల్లో తూస్తారు. జ్వరాన్ని డిగ్రీల్లో కొలుస్తారు. మరి కేన్సర్ రోగి బాధను దేనితో కొలవాలి? గడ్డ ఎంత తగ్గిందో స్కానింగు చెబుతుంది. రాత్రి నిద్ర పట్టిందా, అన్నం సయించిందా అన్నది ఏ యంత్రమూ చెప్పలేదు. రోగే చెప్పాలి.

1940లలో అమెరికా వైద్యుడు కార్నోఫ్‌స్కీ, రోగి తన పనులు ఏ మేరకు చేసుకోగలడో 0 నుంచి 100 వరకు అంకెలతో సూచించే పద్ధతి పెట్టాడు. అయితే ఆ అంకె వేసేది వైద్యుడే. 1993లో యూరప్‌లో ఆరన్‌సన్ బృందం 30 ప్రశ్నల పత్రాన్ని ప్రకటించింది. నొప్పి, నీరసం, నిద్ర, ఆకలి, దిగులు, డబ్బు ఇబ్బంది అన్నీ అందులో ఉన్నాయి. జవాబులిచ్చేది రోగే.

“ముందు ప్రాణం దక్కనీ, సుఖం మాట తర్వాత” అంటారు కొందరు పెద్దలు. ఇది సరికాదని నా అభిప్రాయం. ముదిరిన ఊపిరితిత్తుల కేన్సర్ ఉన్న 151 మందిపై జరిపిన పరిశీలన ఫలితాలను 2010లో బోస్టన్‌కు చెందిన టెమెల్ బృందం ప్రకటించింది. మామూలు చికిత్సతోపాటు మొదటినుంచీ బాధ తగ్గించే ఉపశమన చికిత్స కూడా పొందినవారిలో దిగులు తగ్గింది, ఆయుష్షూ పెరిగింది. మీరు లెక్కల్లో చదివే మధ్యగతం ప్రకారం వారు 11.6 నెలలు, తక్కినవారు 8.9 నెలలు జీవించారు.

హైదరాబాదు ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స ఉంది. కాని రోగి నోరు విప్పకపోతే వైద్యుడు మాత్రం ఏం చేయగలడు? మన ఇళ్ళలో రోగి సంగతి అందరినీ అడుగుతాం, రోగిని తప్ప! మీ ఇంట్లోగాని, వాడకట్టులోగాని అటువంటివారుంటే పక్కన కూర్చుని అడగండి. వారు చెప్పింది తేదీ వేసి నోటుబుక్కులో రాసిపెట్టండి. ఆ నాలుగు ముక్కలు చూసి డాక్టరు నొప్పి మందు మోతాదు మార్చవచ్చు.