స్థలము లేనివాని యిల్లు

2023 డిసెంబరు 28 మొదలు 2024 జనవరి 6 వరకు జరిగిన ప్రజాపాలన దినములలో, బోధను రాకాసిపేట మొదలు నిజామాబాదు అర్సపల్లి వరకు, ప్రజలు వరుసలు కట్టి యిండ్ల కొరకు దరఖాస్తు లిచ్చిరి. రాష్ట్రమంతటను ఇట్టివి సుమారు 80 లక్షలు వచ్చినవి. 2024 మార్చి 11వ తేదీన భద్రాచలమున ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకమున తొలివిడతకు నియోజకవర్గ మొక్కింటికి 3,500 ఇండ్లు నిర్ణయింపబడినవి. 119 నియోజకవర్గములకు లెక్కించిన 4,16,500. కోరినవా రిరువదిమంది యైన దొరకునది దాదా పొక్కనికి! ఇట్టి కొరతలో ఇల్లు ముందెవ్వరి కీయవలెనను నిర్ణయమే యసలు పరిపాలన, తక్కినది తాపీపని.

ఆ నిర్ణయ మెట్లు జరిగినది? సొంతస్థల ముండి యిల్లు లేనివారు మొదటి జాబితా. స్థలమును ఇల్లును రెండును లేనివారు రెండవ జాబితా. సర్కారిచ్చు 5 లక్షల రూపాయలు మొదటి జాబితావారికే తొలుత లభించినవి. పునాదికి లక్ష, గోడలు లేచిన పిమ్మట లక్షా యిరువదియైదు వేలు, స్లాబునకు లక్షా డెబ్బదియైదు వేలు, ముగింపునకు లక్ష—ఈ విడతల పద్ధతిని మేము తప్పుపట్టము. సొమ్ము గుత్తేదారుని చేతిలో బడక యింటివాని ఖాతాకే చేరుట మేలు. మా యాక్షేపణ మంతయు వరుసను గూర్చియే. ఏమియు లేనివాడు, కొంత కలవాని వెనుక నిలువవలసి వచ్చినది. రూకలు వెంటనే యీయవచ్చును, నేల నట్లు తేలేమని అధికారులు సమాధానము చెప్పుదురు. అది కచేరీకి సౌకర్యము గావచ్చును గాని న్యాయము కానేరదు.

మన ప్రాంతమున స్థలము లేనివా డెవ్వడు? శక్కరునగరమును జూడుడు. 1937లో స్థాపితమై, ఆసియాలోకెల్ల పెద్దదని పేరుగాంచిన నిజాం చక్కెర కర్మాగారము కార్మికులకు కొలువుతోడ క్వార్టర్లనుగూడ నిచ్చెను. 2002లో అధికభాగము ప్రైవేటువారి చేతికి బోయెను. 2015 డిసెంబరులో మూతపడెను. కొలువుతో వచ్చిన యిల్లు కొలువు పోయిన పిమ్మట ఎవ్వరిది? ముప్పదియేండ్లు ఒకే కప్పుక్రింద బ్రతికినవానికి జానెడు నేలకైన పట్టా యుండదు. నిజామాబాదున నొక్క గదిని అద్దెకు గొని అందే బీడీలు చుట్టుచు అందే వండుకొను స్త్రీకి సొంతస్థల మెక్కడిది? ఇక తండ్రిపేర నున్న పాతయింటిలో నలుగు రన్నదమ్ములు కాపురముండు కుటుంబములు న్యాయవాదులకు సుపరిచితములే. భాగపత్రము లేదు; కాగితముపై ఇల్లున్నట్లే, నిజమున లేనట్లే. సర్వేకు వచ్చిన యుద్యోగి ఫోనులో దిగు వివరములలో ఈ చిక్కు యిముడదు.

ప్రభుత్వము నేల జూపి యిల్లు కట్టించుట మనకు క్రొత్త గాదు. 1908లో మూసీ వరద, 1911లో ప్లేగు హైదరాబాదును పీడించిన పిమ్మట 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడి, ఇరుకుపేటలను తీసివేసి, బీదసాదల కద్దెయిండ్లు కట్టించెను. సి.ఐ.బి. క్వార్టర్లను పేరు నేటికిని ఆ నగరమున వినబడును. ఇంగ్లండునందును 1919 చట్టము ఇండ్లు కట్టించు భారమును పురపాలక సంఘములపై బెట్టెను. అంతకు ముందు, 1915లో, గ్లాస్గో స్త్రీలు పెంచిన యద్దె చెల్లింపమని యెదురు తిరిగిరి. ఆ యేడే అద్దెల కట్టడి చట్టము వచ్చెను. మన రాష్ట్రమున 2015లో ప్రకటించిన డబుల్ బెడ్‌రూము ఇండ్ల పథకము—560 చదరపు అడుగుల యిల్లు, లబ్ధిదారుపై ఖర్చు లేదు—సూత్రరీత్యా స్థలము లేనివానికే తగినది. అయితే కట్టుట మెల్లన, పంచుట యింకను మెల్లన. పలుచోట్ల పూర్తియైన యిండ్లకు తాళములు, వాటి ముందర అద్దెయిండ్లవారి నిట్టూర్పులు! తుదకు చీట్లు వేసిరి. చీటీ యవినీతిని తగ్గించు నేమో గాని, ఎవ్వని కష్ట మెక్కువయో దానికి దెలియదు.

2025 జనవరి 21 మొదలు 24 వరకు గ్రామసభలలో జాబితాలు చదివినపుడు, మా పేరేలేదని పలుచోట్ల ప్రజలు నిలదీసిరి. అప్పటికి గ్రామములలో ఎన్నికైన సర్పంచులు లేరు. 2024 ఫిబ్రవరితో వారి గడువు తీరెను. ప్రత్యేకాధికారులును, నియమితులైన ఇందిరమ్మ కమిటీలునే దిక్కు. కమిటీలో మంచివా రుండవచ్చును. కాని పేరు తీసివేయబడినవానికి కారణము చెప్పవలసిన బాధ్యత యెవ్వరిది? సభ ముగిసిన పిమ్మట అతడు తట్టవలసిన తలుపేది?

చట్ట మీ విషయమున మౌనముగా లేదు. 2005 సమాచారహక్కు చట్టపు 4వ సెక్షను, రాయితీ పథకముల లబ్ధిదారుల వివరములను ఎవ్వరు నడుగకయే ప్రకటింపవలెననియు, పరిపాలనా నిర్ణయములకు కారణములను వానివలన బాధితులైనవారికి తెలుపవలెననియు శాసించుచున్నది. 1995లో ఛమేలీ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు నివాసమును జీవించు హక్కులో భాగముగా పేర్కొనెను. ఆ వ్యాజ్యమునకు మూలమేమి? ఉత్తరప్రదేశమున దళితుల యిండ్లకొరకు సర్కారు సేకరించిన నేల! భూస్వామి యాక్షేపించెను, న్యాయస్థానము సేకరణనే నిలిపెను. నేల దొరకదను మాటకు ఇంతకంటె సమాధానము వలయునా?

కావున మేము కోరున దిది. రెండవ జాబితాను మొదటిదాని పిమ్మటకు నెట్టక, బోధను, నిజామాబాదు పట్టణములలో దానికి నేలనుగాని అద్దెయిండ్లనుగాని గడువు పెట్టి చూపవలెను. శక్కరునగరపు పాతకార్మికుల నివాసమును కర్మాగారపు లెక్కలతో ముడిపెట్టక వేరుగా తేల్చవలెను. భాగపత్రము లేని యన్నదమ్ములకు తహశీలుదారు విచారణయే చాలునని యుత్తరు వీయవలెను. పేరు లేని ప్రతివానికిని కారణము వ్రాసిన కాగితము చేతి కందవలెను; అప్పీ లెవ్వరికి, ఎన్ని దినములలో ననునది దానిమీదనే యుండవలెను. ఇక పఠనమందిరముల కార్యదర్శులకొక మనవి: మీ వార్డు జాబితాలు మూడింటిని తెచ్చి గోడపై నంటింపుడు, చదువురానివారికి సాయంకాలము చదివి వినిపింపుడు.