మొక్కల లెక్క సరే, మట్టి లెక్క ఏది?



ఏటా మన గూడేలకు వానకన్నా ముందు జేసీబీ వస్తది. కందకాలు తవ్వుతది, పొదలను వేళ్ళతో సహా పెకిలిస్తది. ఆ తర్వాత మొక్కలు, ఫొటోలు, బోర్డు. అడ్డుపోతే కేసు. ఎందుకు సార్ అనడిగితే, "మొక్కలు గాలిలో కార్బన్ పీల్చుకుంటాయి, చదువుకున్నోడివి, నీకు తెల్వదా?" అంటారు.

తెలుసు. తెలుసు కాబట్టే అడుగుతున్నా.

ప్రపంచంలోని చెట్టూ చేమా, పైనున్న గాలీ కలిపి దాచుకున్న కార్బన్ కన్నా మట్టి దాచుకున్నదే ఎక్కువ. రాలిన ఆకు, చచ్చిన వేరు ఏండ్ల తరబడి కుళ్ళి మట్టి రేణువుల మధ్య నిలిచిపోయిన కార్బన్ అది. అడవిలో పైమట్టి నల్లగా ఉండేది అందుకే. జేసీబీ పండ్లు దిగితే ఆ మట్టి గడ్డలు పగులుతాయి, గాలి తగులుతుంది, సూక్ష్మజీవులు ఆ కార్బన్‌ను తిని కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేస్తాయి. మిగిలిన పైమట్టిని పెద్ద వాన వాగులో కలుపుతది. అప్పటికి మీ మొక్కకున్నవి నాలుగాకులు. అది మట్టికి ఇచ్చేదెంత? అందుకే ప్లాంటేషన్ వేసిన తొలి ఏండ్లలో చాలాచోట్ల మట్టిలో కార్బన్ పెరగకపోగా తగ్గుతది.

ఇక జామాయిలు. కొన్నేండ్లకోసారి నరికి లారీలకెత్తుతారు. కర్రతోపాటే కార్బన్ కూడా మిల్లుకు పోతది. కాగితం ఎన్నాళ్ళుంటది? మళ్ళీ మోళ్ళు పీకి దున్నుతారు. మట్టి కథ మొదటికే.

ఒక మాట ఒప్పుకుందాం. పంటలు తీసి తీసి సారం పోయిన చేనులో చెట్లు పెడితే, కాలం గడిచేకొద్దీ మట్టి కోలుకుంటది. చెట్లకు మనం శత్రువులం కాదు. ఇప్ప, తునికి, మద్ది మోళ్ళు బతికే ఉన్న నేలను "బీడు" అని రాసి తవ్వడమే మన గొడవ. గొడ్డలీ మంటా తగలకుండా కాపాడితే ఆ మోళ్ళే చిగురిస్తాయి. గుంట తీయకుండానే అడవి లేస్తది.

కానీ సర్కారు లెక్క వేరే. 2015లో హరితహారం వచ్చింది, కోట్ల మొక్కలన్నారు. 2016లో కాంపా చట్టం చేశారు. గనికి అడవిని ఇచ్చి, బదులుగా ఇంకోచోట మొక్కలు పెడతారు. ఆ ఇంకోచోటు ఎక్కడ? మన పోడు. 2023లో గ్రీన్ క్రెడిట్ తెచ్చారు, మొదట చెట్టుకో క్రెడిట్ అన్నారు. అన్నిట్లో మొక్కల లెక్కే. తవ్వినప్పుడు మట్టి ఎంత పోగొట్టుకుందో ఏ బోర్డు మీదా రాయరు.

మన డిమాండ్లు మూడే. తవ్వే ముందు, తర్వాత మట్టి పరీక్ష చేసి ఫలితాలు గ్రామసభలో చదవాలి. మోళ్ళున్న నేలలో యంత్రం దిగొద్దు. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది కాబట్టి, మన తీర్మానం లేకుండా ఒక్క గుంట కూడా తీయొద్దు.

మొక్క ఎండితే నర్సరీ నుంచి ఇంకోటి తెస్తారు. మట్టిని ఏ నర్సరీ నుంచి తెస్తారు సార్?

జై ఆదివాసీ!