ఖాకీకి వేరొక న్యాయము కలదా?

హైదరాబాదు నుండి బెజవాడ పోవు 65వ జాతీయ రహదారిపై జగ్గయ్యపేట మలుపు దాటిన పిమ్మట చిల్లకల్లు టోలుగేటు, నందిగామ దాటి కొంత దూరము పోగా కీసర టోలుగేటు వచ్చును. మిరపబస్తాల లారీయైనను, పెండ్లివారి కారైనను అచ్చట రుసుము చెల్లించియే సాగవలెను. పోలీసు జీపునకు ఆ బాధ లేదు. 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నిబంధనలలో పదునొకండవది వారికి ఈ మినహాయింపు నిచ్చినది. కాని అందొక షరతు కలదు: వాహనము అధికార కార్యమునకు వినియోగింపబడుచుండవలెను. దొంగను వెన్నాడు జీపు చిల్లర లెక్కపెట్టుచు నిలువరాదు గనుక ఇది న్యాయమే. సొంత కారు అద్దముపై ‘పోలీసు’ అని అంటించుకొని అత్తవారింటికి పోవు ఉద్యోగిని ఆ నిబంధన ఎరుగదు. అట్టి కారునకు గేటు లేచినచో, దానిని లేపినది చట్టము కాదు, గుమాస్తా భయము.

పోలీసులకు సామాన్యులకంటె అధిక మర్యాద జరుగుచున్నదా అని అడుగువారు ఈ రెంటిని వేరుచేసి చూడవలెను. చట్టగ్రంథము మాత్రమే చదివిన విద్యార్థికి పోలీసువానిపై జాలి కలిగినను కలుగవచ్చును. శిరస్త్రాణము లేక మోటారుసైకిలు నడుపుటకు ఖాకీ దుస్తులు అనుమతిపత్రము కావు. పైగా 2019లో మోటారు వాహనముల చట్టమున చేర్చిన 210-బి సెక్షను ప్రకారము, ఆ చట్టమును అమలుపరచు అధికారియే దానిని ఉల్లంఘించినచో జరిమానా రెట్టింపు. ఈ సెక్షను సంగతి తెలిసినవారు ఊరికి పదిమంది యుందురో లేదో! ముద్దాయి పొరుగువానితో తప్పొప్పుకొన్న మాటను సాక్ష్యముగా స్వీకరింపవచ్చును. పోలీసు అధికారితో ఒప్పుకొన్నది పనికిరాదు. 1872 నాటి సాక్ష్యచట్టము ఇట్లు శాసించెను. 2024 జూలై 1న దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఇదియే చెప్పుచున్నది. పొరుగువానిని నమ్మినంతగా చట్టము పోలీసును నమ్మలేదు. సంఘము పెట్టుకొను స్వేచ్ఛకు సైతము 1966 నాటి శాసనము కళ్లెము వేసినది.

చిక్కంతయు పోలీసువాడే ముద్దాయియైనప్పుడు వచ్చును. ఆంధ్ర జిల్లాలకు వర్తించిన 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టములో, ఆ చట్టము క్రింద చేసిన పనులపై మూడు నెలలలోపుననే వ్యాజ్యము వేయవలెనను నియమముండెను. దొంగతనము చేసెనను అనుమానముపై పట్టుకొన్న ఒకనిని నేరము ఒప్పించుటకై హింసించిరని ఒక సబ్‌ఇన్‌స్పెక్టరునకు, హెడ్‌కానిస్టేబులునకు, కానిస్టేబులునకు శిక్ష పడగా, గడువు దాటినదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వారిని విడిచిపెట్టెను. 1960ల తొలినాళ్లలో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చినది. పట్టుబడినవానిని కొట్టుట ఆ చట్టము అప్పగించిన పని కాదు, కనుక దాని నీడన దాగరాదు. ఇంత తేటయైన సంగతిని చెప్పుటకు ఢిల్లీ వరకు పోవలసివచ్చుటయే ప్రత్యేక మర్యాద. చేతిలో లాఠీ లేనివాడు చేసిన హింసకు మూడు నెలల గడువు ఎవరడుగుదురు?

జగ్గయ్యపేటకు పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి పేర అచ్చట పేట కట్టించెను. దోపిడులు చేయుచున్న చెంచులను ఆయనయే విందుకు పిలిపించి తలలు నరికించెననియు, ఆ చోటు నరుకుళ్లపాడైనదనియు జనశ్రుతి. ఫిర్యాది, న్యాయమూర్తి, తలారి అన్నియు ప్రభువే. పిదప పశ్చాత్తాపముతో అమరావతిలో దైవసేవ చేసెనందురు. కాని పశ్చాత్తాపము విచారణ కాజాలదు.

ఆ విందు నేటికిని ముగియలేదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగరు చెంత చటాన్‌పల్లి కడ నలుగురు ముద్దాయిలు పోలీసు కాల్పులలో మరణించిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి. టోలుగేటు కడ భయము ఇచ్చిన మినహాయింపును ఇచ్చట హర్షము ఇచ్చెను. 2022లో వెల్లడియైన సిర్పూర్కరు కమిషను నివేదిక మాత్రము పదిమంది పోలీసులపై హత్యానేర విచారణ జరుపవలెనని చెప్పినది. పోలీసు కాల్పులలో మనిషి చనిపోయినచో కేసు నమోదు చేయవలెననియు, ఆత్మరక్షణమను మాటను న్యాయస్థానములోనే రుజువు చేసికొనవలెననియు 2009 ఫిబ్రవరిలోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పియుండెను. ఆ సంవత్సరమే సుప్రీంకోర్టు దాని అమలును నిలిపివేసెను.

2014లో సుప్రీంకోర్టే మార్గదర్శకములు విధించుచు, ఇట్టి మరణములను సి.ఐ.డి. గాని, మరియొక స్టేషను పోలీసులు గాని దర్యాప్తు చేయవలెనని ఆదేశించినది. మరియొక స్టేషను అనగా ఏది? నందిగామలో జరిగినదానిని జగ్గయ్యపేటవారు విచారించినను ఆదేశము అక్షరమున నెరవేరును. కృష్ణా జిల్లా నుండి విడివడి 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఆ రెండు ఊళ్ల పోలీసులును ఒకే కమిషనరునకు లోబడినవారు. దర్యాప్తు చేయువారు ఆ కమిషనరుకు లోబడనివారై యుండవలెనని ఆ ఆదేశమున ఒక్క వాక్యము చేర్చియున్న బాగుండెడిది.