జేబులో ఇన్‌హేలర్, కాళ్లలో హుషారు

ఉబ్బసం ఉన్న పిల్లలు ప్రతి ఇంట్లోనూ వినే మాట ఒకటుంది: "పరిగెత్తకు, ఆయాసమొస్తుంది." ఆ భయం ఊరికే పుట్టలేదు. పరిగెత్తేటప్పుడు నోటితో గబగబా పీల్చే పొడి గాలి శ్వాసనాళాలను ఆరబెడుతుంది. అవి ముడుచుకుని పిల్లికూతలు మొదలవుతాయి.

బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్‌కు టీనేజీలోనే ఉబ్బసం బయటపడింది. 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించి ఆమె నెలకొల్పిన మహిళల ప్రపంచ రికార్డు 16 ఏళ్లు నిలిచింది. జబ్బు తగ్గాక సాధించింది కాదది, మందు వాడుతూ సాధించింది.

మనకు రికార్డులక్కర్లేదు. డాక్టరు చెప్పిన మందు వేళకు వాడి, కాసేపు నడిచి, ఒళ్లు వేడెక్కాక మెల్లగా పరుగందుకుంటే చాలు. పక్కవారితో మాట్లాడగలిగినంత వేగమే సరైన వేగం. పొగ, దుమ్ము ఎక్కువున్న రోజు ఇంట్లో ఉండిపోవడమూ సాధనలో భాగమే.

ఈ సంచికలో రాసినవారంతా దీర్ఘవ్యాధితో ఉంటూ పరిగెత్తుతున్నవారే. జబ్బును జయించామని ఒక్కరూ అనలేదు. తెల్లారితే కాళ్లు ఆగడం లేదని మాత్రం అందరూ రాశారు. చదవండి. మీకూ కాళ్లు ఉరకలేస్తే, ముందు డాక్టరును అడిగి, ఆపైన బూట్లు కొనండి.

— సంపాదకుడు