శిల్పం ఒకరికి, సందేశం మరొకరికా? : గోదావరి డెల్టా రచనలు – మంచి పాఠకుని బాధ్యత

గోదావరి డెల్టా రచయితలను బోధించే తీరులో ఒక పంపకం స్థిరపడింది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1891–1961) పేరు రాగానే నుడికారం, సంభాషణ, శిల్పం చర్చకు వస్తాయి. బోయి భీమన్న (1911–2005) పేరు రాగానే సందేశం, చైతన్యం, సంస్కరణ వస్తాయి. ఒకరి రచనను కళగా, మరొకరి రచనను సామాజిక పత్రంగా చూసే ఈ అలవాటు విమర్శగా చెలామణి అవుతున్నది. నిజానికి ఇది పఠనాన్ని తప్పించుకొనే ఉపాయం మాత్రమే.

భీమన్న జన్మస్థలం రాజోలు ప్రాంతంలోని మామిడికుదురు. శ్రీపాద గౌతమికి ఆవలనున్న పొలమూరులో జన్మించారు. ఇద్దరి నేలకూ నీరిచ్చింది ఒకే గోదావరి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టాలో వరిసాగు విస్తరించింది. ఆ సంపద వెనుక పాలేర్ల చాకిరీ ఉన్నది. అయినప్పటికీ కోనసీమ అనగానే కొబ్బరితోటలూ అగ్రహారాలూ మాత్రమే స్ఫురించే పాఠకుడు కథ తెరవకముందే దానిని చదివేసినవాడు.

శ్రీపాద కథ 'ఇలాంటి తవ్వాయి వస్తే' ఇందుకు నిదర్శనం. అస్పృశ్యత మూలంగా నీటికి దూరమైనవారు మహమ్మదీయులైన తరువాత ఆ అడ్డు తొలగిపోవడం అందులోని వస్తువు. అడ్డు మనిషికి కాదు, అతనిపై వేసిన ముద్రకు అని ఆ కథ నిరూపిస్తుంది. శీర్షికలోని 'తవ్వాయి' అనే మాటను నుడికారపు సొగసుగా గుర్తుంచుకొని, నీటి విషయం మరచిన పాఠకుడు భాషను సైతం సరిగా చదవలేదు. 'అరికాళ్ళక్రింద మంటలు' కథలో పుట్టింటి చాకిరీలో నలిగే వితంతువు విషయమూ అంతే. ఆ కథలోని తెలుగు ఎంత తియ్యనిదో చెప్పి ఆగిపోవడం ఆమె వేదనకు చెవి మూసుకోవడమే.

ఇక భీమన్న 'పాలేరు' నాటకం. పాలేరు బతుకు నుంచి చదువు ద్వారా పైకెదిగిన యువకుని ఇతివృత్తం అది. ఆ నాటకం ప్రేరణతో పేదలు తమ పిల్లలను బడికి పంపారన్నది సాహిత్యలోకంలో ప్రసిద్ధం. ఆ ప్రసిద్ధియే దానికి అడ్డుగోడ అయింది. ప్రయోజనం చెప్పగానే పరిశీలన ముగిసినట్లు భావిస్తున్నారు. యజమాని ఎదుట పాలేరు మాట ఎక్కడ తగ్గుతుంది? తనవారి మధ్య ఎలా మారుతుంది? రంగస్థలంపై ఎవరు కూర్చుంటారు, ఎవరు నిలబడతారు? ఈ ప్రశ్నలు అడగనంత వరకు ఆ నాటకం ప్రభావానికి కారణం తెలియదు. ప్రేక్షకుని కదిలించినది నినాదమే అయితే కరపత్రం సరిపోయేది. నాటకం అవసరమయ్యేది కాదు.

ఇక్కడొక పూర్వపక్షం ఉన్నది: రచన స్వభావాన్ని బట్టే ప్రశ్న మారుతుంది కదా, ఇందులో దోషమేమిటి? ప్రశ్న రచనను బట్టి మారితే దోషం లేదు. రచయిత పుట్టుకను బట్టి మారితే ఉన్నది. అభినవగుప్తుడు సహృదయుని మనస్సును కావ్యాభ్యాసంతో నిర్మలమైన అద్దంగా భావించాడు. అక్కడ ప్రమాణం అభ్యాసమే గాని జన్మ కాదు. అద్దం తన ఎదుటికి వచ్చినవారిని ఎంచుకోదు. ఆధునికులలో నబొకోవ్ మంచి పాఠకునికి ఊహ, జ్ఞాపకశక్తి, నిఘంటువు, కొంత కళాస్పృహ కావాలన్నాడు. పాత్రతో తాదాత్మ్యం చెందడాన్ని నిరసించాడు. ఆ హెచ్చరిక తెలుగు విమర్శకూ అవసరమే. తనవంటి పాత్రలోనే జీవితాన్ని, తనకు భిన్నమైన పాత్రలో సమస్యను మాత్రమే చూసేవాడు రచనను కాక తననే చదువుకుంటున్నాడు.

2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చడంపై అమలాపురంలో హింస చెలరేగింది. కథలు చదివితే అటువంటి మంటలు ఆరుతాయనడం అతిశయోక్తి. అయితే ఒక పేరును పంచుకోలేకపోయిన నేలపై సాహిత్యాన్ని కూడా పంచి పెట్టే పఠనపద్ధతిని తెలుగు శాఖలు కొనసాగించడం క్షమార్హం కాదు.

చేయవలసినది కష్టమైనదేమీ కాదు. ప్రశ్నపత్రంలో ప్రశ్నలను తారుమారు చేయాలి. శ్రీపాద కథలో నీరు ఎవరిది అని అడగాలి. భీమన్న నాటకంలో సంభాషణా శిల్పాన్ని వివరించమనాలి. రెండింటికీ సమాధానం రాయగలవాడే మంచి పాఠకుడు. ఒక్కదానికే రాయగలవాడు ఆ ఇద్దరిలో ఎవరినీ పూర్తిగా చదివినవాడు కాడు.