ధరల పెరుగుదల – హక్కుల తరుగుదల

ధరలు మండిపోయినప్పుడల్లా పాలకులు వర్షాభావాన్నో, దళారులనో నిందించి చేతులు దులుపుకోవడం పరిపాటి అయింది. ఆ కారణాలు అబద్ధం కావు గాని, సంపూర్ణమూ కావు. విశాఖ రేవులో దిగే సరుకును గమనిస్తే మిగిలిన నిజం బోధపడుతుంది.

ఇక్కడి చమురుశుద్ధి కర్మాగారానికి ముడిచమురు, ఉక్కు కర్మాగారానికి కోకింగ్ బొగ్గు ప్రధానంగా విదేశాల నుంచే రావాలి. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. వీటికి డాలర్లలో చెల్లించాలి. 2014 మే నెలలో సుమారు 60 రూపాయలున్న డాలరు 2024 డిసెంబరులో 85 రూపాయలు దాటింది. విదేశీ విపణిలో ధర కదలకపోయినా, రూపాయి క్షీణించిన మేరకు మనకు సరుకు ప్రియమవుతుంది. ఆపై పన్నుల భారం. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి వంటనూనెలపై దిగుమతి సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచింది. కూరగాయల కొరత కూడా తోడై ఆ అక్టోబరులో ఆహార ద్రవ్యోల్బణం 10.87 శాతానికి చేరింది. వడ్డీరేట్లు ఎంత సవరించినా ఇటువంటి మంట చల్లారదు.

ఈ భారం అందరిపై సమానంగా పడదు. స్థిర ఉద్యోగికి కరువు భత్యం ఉంది. తోపుడుబండి వ్యాపారికి, దర్జీకి, మెకానిక్‌కు, ఆటో డ్రైవరుకు అది లేదు. ముస్లింలలో స్వయం ఉపాధిపై ఆధారపడినవారి శాతం ఇతరులకన్నా ఎక్కువని 2006లోనే సచార్ కమిటీ తేల్చి చెప్పింది.

ద్రవ్యోల్బణం హక్కులను సైతం హరిస్తుందని మేము గుర్తుచేయదలచాం. 2008లో మైనారిటీ ప్రీమెట్రిక్ ఉపకార వేతనానికి కుటుంబ వార్షికాదాయ పరిమితిని లక్ష రూపాయలుగా నిర్ణయించారు. ఆ తర్వాత ధరలు రెట్టింపునకు మించి పెరిగినా పరిమితి మారలేదు. కూలి నాలుగు రూపాయలు పెరిగిన తండ్రి బీదరికం నుంచి బయటపడలేదు; అతని బిడ్డ మాత్రం అర్హుల జాబితా నుంచి బయటపడింది. 2022లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆ సహాయమే నిలిచిపోయింది. చట్టం మార్చకుండా, చర్చ జరపకుండా హక్కును కుదించే మార్గమిది.

కనుక సంక్షేమ పథకాల ఆదాయ పరిమితులను, సహాయ మొత్తాలను ఏటా ధరల సూచీతో ముడిపెట్టాలి. నిలిపివేసిన ఉపకార వేతనాలను పునరుద్ధరించాలి. చౌక దుకాణాల్లో పప్పు, నూనె క్రమం తప్పక అందించాలి. ఉద్యోగికి కరువు భత్యం న్యాయమైనప్పుడు, నిరుపేద విద్యార్థికి అదే సూత్రం ఎందుకు వర్తించదు? ప్రభుత్వాలు జవాబు చెప్పాలి.