పెరటి గూటికి ప్రభుత్వం బాసట కావాలి

అస్సాంలోని కామరూప్ జిల్లా దాదరా గ్రామంలో హర్గిలా కనిపిస్తే ఒకప్పుడు అపశకునం. అయిదడుగుల ఎత్తుండే ఈ కొంగ పెరటి కదంబ చెట్ల మీద గూడు కడుతుంది. కుళ్లిన మాంసం ముక్కలూ రెట్టలూ ముంగిట్లో రాలుస్తుంది. ఆ కంపు పడలేక ఇంటివాళ్లు చెట్టే కొట్టేసేవారు. 2007లో అలా ఒక చెట్టు కూలినప్పుడు తొమ్మిది పక్షిపిల్లలు నేలపాలయ్యాయి. ఆ దృశ్యం చూసిన పరిశోధకురాలు పూర్ణిమా దేవి బర్మన్ పీహెచ్‌డీని పక్కనబెట్టి గడపగడపా ఎక్కారు.

ఆమె ఇల్లాళ్లతో మాట కలిపారు. పక్షులు పొదిగే కాలంలో ఊరి ఆడవాళ్లంతా కలిసి హర్గిలాకు సీమంతం జరపడం మొదలైంది. మగ్గాలు సమకూరాక అవే చేతులు అస్సామీ ఆడవాళ్లు కట్టుకునే మేఖలా చాదర్ల మీద హర్గిలా బొమ్మ నేసి నాలుగు డబ్బులు సంపాదించాయి. తల్లి మనసు మారితే ఇల్లంతా మారింది. పెరటి చెట్టు మీదికి గొడ్డలి లేవడం ఆగింది. 28 గూళ్లు 250 దాటాయి. ‘హర్గిలా సేన’లో 2022 నాటికే పది వేల మంది మహిళలు చేరారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2023లో ఈ పక్షిని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితా నుంచి తప్పించింది.

తెలుగు నేలకూ ఈ అనుబంధం తెలుసు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, నెల్లూరు సీమలోని వెదురుపట్టులో ఏటా చలికాలానికి దిగే పక్షులను ఊళ్లు పురిటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటాయి.

కానీ ఆదరణకు ఖర్చుంది. గూళ్లు నిండిన చింతచెట్టు కాపు తగ్గుతుంది. రెట్టల కంపుతో నెలల తరబడి కాపురం చేయాలి. ఈ భారమంతా చెట్టున్న కుటుంబం మీదే వదిలేసి, పక్షుల లెక్క పెరిగిందని చప్పట్లు కొట్టడం న్యాయం కాదు. కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరులో గూడబాతులకు చోటిచ్చిన చెట్ల యజమానులకు అక్కడి అటవీశాఖ పరిహారం చెల్లిస్తోంది. 2007లో ఆ ఊరిని సామాజిక సంరక్షణ ప్రాంతంగా గుర్తించారు కూడా.

ఆంధ్రప్రదేశ్ అటవీశాఖ అదే బాట పట్టాలి. గూళ్లున్న ప్రతి చెట్టునూ లెక్కగట్టి, యజమాని ఖాతాలో ఏటా పరిహారం జమచేయాలి. చెట్ల కింద వలలు కట్టించాలి. జారిపడిన పిల్లలను సాకడంలో ఊరి మహిళలకు, యువతకు శిక్షణనిచ్చి వేతనం ఇవ్వాలి. వచ్చే సీజనుకు పక్షులు దిగకముందే ఈ ఏర్పాట్లన్నీ పూర్తికావాలి.